వంటింటితో సహా పడమటి తీరానికి

న్యూజిలాండ్ సౌత్ ఐలాండ్ పడమటి తీరం నుంచి వచ్చి మూడు వారాలైంది, నా చీలమండల మీద సాండ్‌ఫ్లై కుట్టిన మచ్చలు ఇంకా పోలేదు. గోక్కుంటూనే ఇది రాస్తున్నాను.

అమ్మా నాన్నా మొదటిసారి ఆక్లాండ్ వచ్చారు. మాది ఎదుర్లంక దగ్గర చిన్న ఊరు, గోదారికి అవతలి ఒడ్డున యానాం. నాన్న నలభై ఏళ్ళు చెరువులు, చేపలు, రొయ్యలు తప్ప వేరే లోకం చూడలేదు. అమ్మకి బయటి తిండి పడదు, హోటల్ గదిలో పడుకుంటే నిద్ర పట్టదు, రెండు గంటలకోసారి టీ ఉండాలి. ఇలాంటి ఇద్దర్ని పది రోజులు ఎలా తిప్పాలా అని ఆలోచిస్తుంటే మా ఆవిడే అంది, మోటార్‌హోమ్ తీసుకుందాం, అత్తయ్యగారి వంటిల్లు అత్తయ్యగారితోనే వస్తుంది కదా అని. ఇక్కడ అందరూ క్యాంపర్‌వ్యాన్ అనే అంటారు, మేం తీసుకున్నది ఆరుగురు పడుకునే పెద్దది. ఏడు మీటర్ల పైచిలుకు పొడవు, మూడు మీటర్ల పైన ఎత్తు. నాన్న దాన్ని చుట్టూ తిరిగి చూసి, టైర్లు తట్టి, "లారీయే కదరా, లోపల పరుపులేశారంతే" అన్నారు.

క్రైస్ట్‌చర్చ్‌లో బండి తీసుకుని లూయిస్ పాస్ మీదుగా వెళ్ళాం. ఆర్థర్స్ పాస్ దగ్గరి దారే కానీ ఎత్తులు బాగా నిటారుగా ఉంటాయి, అంత పెద్ద బండిని జీవితంలో మొదటిసారి నడిపేవాడు మొదటిరోజే ఆ దారి ఎక్కకపోవడం మంచిది. మనలాగే ఇక్కడా ఎడమవైపు డ్రైవింగే కాబట్టి ఆ గొడవ లేదు. గొడవంతా వెనకాల. మొదటి మలుపులోనే గిన్నెల డ్రాయర్ బయటికొచ్చి పడింది, రెండో మలుపులో కందిపొడి సీసా దొర్లుకుంటూ వచ్చి డ్రైవర్ సీటు కింద ఆగింది. ప్రతి తలుపుకీ ప్రతి సొరుగుకీ గొళ్ళెం ఉంటుంది, అన్నీ పడ్డాయో లేదో చూసుకుని, గ్యాస్ కట్టేసి, పైన గాలికిటికీలు మూసి అప్పుడు బయల్దేరాలి. బండి ఇచ్చిన కుర్రాడు ఇదంతా పది నిమిషాల్లో గడగడా చెప్పేసి వెళ్ళిపోయాడు. మీరు ఎప్పుడైనా తీసుకుంటే ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, నా మాట వినండి.

ఆ రాత్రి రీఫ్టన్‌లో ఆగాం. బొగ్గూ బంగారం తవ్విన పాత ఊరు, 1888లోనే వీధుల్లో కరెంటు దీపాలు పెట్టుకున్నారు. ఊరు గురించి ఇంతకంటే చూడలేదు, ఎందుకంటే అప్పుడే తాలింపు గొడవ మొదలైంది. అమ్మ పప్పులోకి నూనె పెట్టి ఎండుమిర్చి వేసిందో లేదో, నెత్తిమీద పొగ అలారం అరవడం మొదలుపెట్టింది. అరుపంటే మామూలు అరుపు కాదు, పక్క బండ్లవాళ్ళు తలుపులు తీసి చూశారు. నేను తువ్వాలు పట్టుకుని విసురుతుంటే అమ్మ "పప్పుకి తాలింపు పెట్టుకోవడం కూడా తప్పేనా ఈ దేశంలో" అంటోంది. ఆ తర్వాత పది రోజులూ తాలింపు బయటే, బల్ల మీద పెట్టుకునే చిన్న గ్యాస్ పొయ్యి మీద, వాన పడితే నేను గొడుగు పట్టుకుని నిలబడేవాణ్ణి.

ఇంకోటి, అమ్మ మిక్సీ తెచ్చుకుంది. ఊరి నుంచి తెచ్చుకున్న మిక్సీ, ఆక్లాండ్ నుంచి విమానంలో క్రైస్ట్‌చర్చ్ దాకా ఆవిడ ఒళ్ళో ప్రయాణం చేసింది. తీరా బండి క్యాంప్ సైట్‌లో కరెంటు తీగకి తగిలిస్తేనే లోపలి ప్లగ్గులు పనిచేస్తాయి, లేకపోతే బ్యాటరీ మీద దీపాలు, ఫ్రిజ్, నీళ్ళ మోటారు అంతే. అందుకని మా రూట్ ప్లాన్ ఏమిటంటే రెండు రాత్రులకొకసారి పచ్చడి రాత్రి. పచ్చడి రాత్రి అంటే కరెంటు ఉన్న సైట్.

రీఫ్టన్‌లో భోజనాలయ్యాక బయట కుర్చీలేసుకుని కూర్చున్నాం. ఆశ్వయుజ పౌర్ణమి. అమ్మ చాలాసేపు పైకి చూసి, "చందమామలో కుందేలు తలకిందులుగా ఉందేమిట్రా" అంది. నిజమే. దక్షిణార్ధగోళంలో మనం చూసే కోణం తిరగబడుతుంది, చంద్రుడి మీద మచ్చలూ తిరగబడతాయి. తొమ్మిదేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాను, ఒక్కసారి గమనించలేదు. నాన్న అది పట్టించుకోకుండా వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నారు. "రేపు పాడ్యమి, ఎల్లుండి విదియ. పోటు బాగా ఉంటుంది" అన్నారు.

మర్నాడు బుల్లర్ లోయలో హాక్స్ క్రాగ్ అనే చోటు ఒకటుంది. కొండని అడ్డంగా చెక్కి రోడ్డు వేశారు, సగం రోడ్డు మీదికి రాయి కప్పులా వేలాడుతుంటుంది, కింద నది, ఒక్క బండికే దారి. మా బండి ఎత్తు డ్రైవర్ ముందు స్టిక్కర్ మీద రాసి ఉంది, అయినా నేను తల వంచుకుని నడిపాను, ఎందుకో తెలీదు.

వెస్ట్‌పోర్ట్ దగ్గర సముద్రం కనబడింది. అక్కడ కేప్ ఫౌల్‌విండ్ అనే కొమ్ము ఉంది, 1770లో కెప్టెన్ కుక్ ఓడ ఎదురుగాలికి ఇక్కడ నానా తంటాలూ పడిందట, ఆ విసుగుతోనే ఆ పేరు పెట్టాడు. పక్కన టౌరంగా బేలో సీల్స్ రాళ్ళమీద బద్ధకంగా పడుకుని ఉంటాయి. బాగున్నాయి. కానీ నాన్న సీల్స్ వైపు చూడటం లేదు, సముద్రం వైపే చూస్తున్నారు. ఈ సముద్రం మనది కాదు. మన దగ్గర ఇసుక ఉంటుంది, సరుగుడు తోటలు ఉంటాయి, నది మెల్లగా కలుస్తుంది. ఇక్కడ టాస్మన్ సముద్రం ఆస్ట్రేలియా దాకా అడ్డం లేకుండా పడి ఉంది, ఆ అలలు రెండు వేల కిలోమీటర్లు దొర్లుకుంటూ వచ్చి నేరుగా కొండ మొదట్లో బద్దలవుతున్నాయి. పడవ ఒక్కటి లేదు. "వలేసేవాడు లేని సముద్రం ఏం సముద్రం" అన్నారు నాన్న. అదీగాక మేం పుట్టి పెరిగిన ఒడ్డున సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, ఇక్కడ సముద్రంలోకి దిగిపోతాడు.

మూడో రోజు పునకైకి. సున్నపురాయి పొరలు పొరలుగా అట్ల దొంతరలా పేరుకున్న చోటు, ముప్పై మిలియన్ల ఏళ్ళ నాటి రాయి అంటారు, వాటి కింద సముద్రం తొలిచేసిన గుహల్లోకి అల దూరి పైకి ఫౌంటెన్‌లా చిమ్ముతుంది. దీనికి ఒకటే షరతు, పోటు సమయంలో వెళ్ళాలి. పాటులో వెళితే రాళ్ళు మాత్రం చూసి రావాలి. నేను ఫోన్‌లో టైడ్ టేబుల్ వెతుకుతుంటే సిగ్నల్ లేదు. నాన్న ఉదయం పూట ఒడ్డున తడి గీత చూసి, తిథి చెప్పి, "ఒంటిగంట ప్రాంతంలో వస్తుంది" అన్నారు. పన్నెండున్నరకి చేరాం. ఒంటిగంట దాటిన కాసేపటికి మొదటిది లేచింది, ముందు నేల లోపల దబ్బుమని ఒక చప్పుడు, ఆ తర్వాత మా తలల ఎత్తుకి నీళ్ళు. పక్కనున్న జర్మన్ కుటుంబం చప్పట్లు కొట్టింది. నాన్న వాళ్ళవైపు తిరిగి నమస్కారం పెట్టారు, తనే చేయించినట్టు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేను వేసిన ప్లాన్ ప్రకారం ఆ సాయంత్రానికి హోకిటికా దాటి ఎక్కడో ఉండాలి. స్ప్రెడ్‌షీట్ ఉంది నా దగ్గర, గంటగంటకీ. అది మూడో రోజుకే చచ్చిపోయింది. ఈ రోడ్డు మీద మ్యాప్ రెండు గంటలంటే పెద్ద బండికి మూడు గంటలు. వెనక కార్లు చేరితే పక్కన జాగా చూసుకుని ఆగి వాళ్ళని పోనివ్వాలి, అది ఇక్కడి మర్యాద. పైగా ఒంటి వంతెనలు. ఎన్ని నదులో అన్ని వంతెనలు, చాలా చోట్ల ఒక్క బండే పడుతుంది, బోర్డు మీద మన వైపు బాణం పెద్దదైతే మనం ముందు, చిన్న ఎర్ర బాణమైతే ఆగాలి. వంతెన దాటిన ప్రతి ఒక్కడూ చెయ్యెత్తి థాంక్స్ చెప్తాడు. రెండో రోజు నుంచి ఆ పని అమ్మ తీసుకుంది, ముందు సీట్లో కూర్చుని ఎదురుబండికల్లా చెయ్యి ఊపేది. వెస్ట్‌పోర్ట్ నుంచి హాస్ట్ దాకా సుమారు 420 కిలోమీటర్లు. కారులో అయితే ఒక్కరోజు. మాకు అయిదు రోజులు పట్టింది, అదీ తొందరగానే వెళ్ళామనిపించింది. ఎవరైనా ఈ దారి రెండు రోజుల్లో పెట్టుకుంటే మోటార్‌హోమ్ తీసుకోకండి, దండగ. పెట్టెలో కూర్చుని గోడ చూసినట్టే ఉంటుంది.

హోకిటికాలో వాన పట్టుకుంది. ఈ ఊళ్ళో ఏడాదికి 2,800 మిల్లీమీటర్లకు పైనే పడుతుంది. పడమటి గాలి సముద్రం మీద తేమంతా మోసుకొచ్చి సదరన్ ఆల్ప్స్ కొండలకి కొట్టుకుని ఇక్కడే కుమ్మరించేస్తుంది. కొండల్లో క్రాప్ నది దగ్గరైతే ఏడాదికి పదకొండు మీటర్ల పైన, మిల్లీమీటర్లు కాదు, మీటర్లు. కొండ దాటి క్రైస్ట్‌చర్చ్ వైపు వెళ్తే అందులో పిసరంత కూడా ఉండదు. ఈ పడమటి తీరం మొత్తానికి జనాభా 33 వేల చిల్లర, మా మండలంలో సగం కూడా ఉండరేమో. ఇంత వానలో ఎవరుంటారు అని మా ఆవిడ అంటే, "వాన పడేచోట ఉండకపోతే ఎక్కడుంటారు" అని అమ్మ.

రెండు రాత్రులు కదల్లేదు. ఈ ప్రయాణంలో నాకు బాగా గుర్తుండిపోయేది ఆ రెండు రోజులే. రేకు మీద వాన చప్పుడు. లోపల హీటర్, మిర్చి బజ్జీలు (గొడుగు డ్యూటీ నాదే), పేకాట. అద్దం అవతల పదడుగుల దూరంలో కట్టెలు కొట్టుకొచ్చిన ఒడ్డు, బూడిద రంగు సముద్రం. వాన తెరిపిచ్చినప్పుడల్లా అమ్మ ఒడ్డుకెళ్ళి పచ్చరాయి వెతికేది. పౌనాము అంటారు దాన్ని, ఇక్కడి జేడ్. దాని మీద హక్కు నాయ్ తాహు అనే మావోరీ తెగది, 1997లో చట్టం చేసి వాళ్ళకి తిరిగి ఇచ్చారు. ఒడ్డున దొరికే చిన్న రాళ్ళని మాత్రం మనం చేత్తో మోయగలిగినంత తీసుకోవచ్చు. అమ్మ తెచ్చిన పదిహేడు రాళ్ళలో ఒక్కటీ పౌనాము కాదని రాళ్ళు చెక్కే కొట్టులో చెప్పారు. "పోన్లే, కారం నూరుకోడానికి పనికొస్తుంది" అని ఒకటి దాచుకుంది.

టాయిలెట్ గురించి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తాను. లోపల చిన్న టాయిలెట్ ఉంటుంది, కింద చక్రాలున్న ప్లాస్టిక్ పెట్టె. రెండు మూడు రోజులకి అది నిండుతుంది. దాన్ని బయటికి లాగి, సూట్‌కేసులా ఈడ్చుకుంటూ డంప్ స్టేషన్‌కి తీసుకెళ్ళి పొయ్యాలి. వంటింటి నీళ్ళ ట్యాంకు వేరే, దాన్ని గొట్టంతో వదలాలి, మంచినీళ్ళు వేరే కుళాయి దగ్గర పట్టాలి, రెండు గొట్టాలూ కలపకూడదు. ఎక్కడ పడితే అక్కడ రాత్రి ఆగడానికి లేదు, బండికి సెల్ఫ్ కంటెయిన్డ్ (నీళ్ళూ మురుగూ తనలోనే పెట్టుకోగలదని) సర్టిఫికెట్ ఉండాలి, 2023లో చట్టం మారాక లోపల బిగించిన టాయిలెట్ ఉంటేనే అది ఇస్తున్నారు. ఉన్నా సరే, కౌన్సిల్ వద్దన్న జాగాల్లో ఆగకూడదు. ఈ పెట్టె ఖాళీ చేసే పని ఎవరిది అన్న విషయంలో మా ఇంట్లో చర్చే జరగలేదు, అందరూ నావైపు చూశారు. మొదటిసారి వాంతొచ్చినంత పనైంది. నాలుగోసారికి ఒక చేత్తో టీ కప్పు పట్టుకుని చేశాను.

ఫ్రాంజ్ జోసెఫ్ దగ్గర హిమానీనదం మబ్బులో కనబడలేదు, అంతే సంగతి. దక్షిణాన కొండ విరిగిపడి ఒక పూట రోడ్డు మూసేశారు. ఇక్కడ ఉన్నది ఒకటే రోడ్డు. 2019 మార్చిలో వరదకి ఫ్రాంజ్ జోసెఫ్ వైహో నది వంతెనే కొట్టుకుపోయింది, సైన్యం కూడా వచ్చి మూడు వారాల లోపే మళ్ళీ కట్టేశారు. అది విని నాన్నకి ఈ దేశం మీద గౌరవం పెరిగింది. మా ఊరి వంతెన ఒకటి ఎన్నేళ్ళు పట్టిందో ఆయన చెప్పడం మొదలుపెట్టారు, అది వేరే కథ.

ఫాక్స్ గ్లేసియర్ ఊరు దాటాక హాస్ట్ దాకా 120 కిలోమీటర్లు. డీజిల్ ఫుల్ చేయించుకోవాలి, ఫోన్ పనిచేస్తుందని ఆశపడకూడదు. ఇది 1965లో గానీ పూర్తికాని రోడ్డు, అప్పటిదాకా ఉత్తరం వైపు నుంచి ఈ దక్షిణపు కొసకి గుర్రాలూ పడవలూ విమానాలే. రెండు పక్కలా కహికటేయా చెట్లు, నాచు పట్టిన కొమ్మలు, మధ్యలో ఉన్నట్టుండి సముద్రం. షిప్ క్రీక్ అనే చోట ఆగాం. ఆ పేరు ఎలా వచ్చిందంటే, 1855లో షోంబెర్గ్ అనే ఓడ తన మొదటి ప్రయాణంలోనే ఆస్ట్రేలియా విక్టోరియా తీరంలో మునిగిపోయింది, దాని ముక్క ఒకటి సముద్రమంతా ఈదుకుంటూ వచ్చి ఇక్కడ తేలింది. అక్కడ దిగి పది నిమిషాలు కూడా నిలబడలేకపోయాం, సాండ్‌ఫ్లైలు. చీమ తలంత ఉంటాయి, చప్పుడు చెయ్యవు, కుట్టేవి ఆడవే. దోమలా రాత్రి కాదు, పగలే వీటి డ్యూటీ. మేం ఆడుతూ ఎగురుతూ బండిలోకి పరిగెత్తాం. ఆడటం అంటే చేతులు విదిలించుకోవడం.

హాస్ట్ దగ్గర ఒకురు నది పక్కన మళ్ళీ రెండు రాత్రులు. సాయంత్రం నది ఒడ్డున ఒక ముసలాయన బూట్లేసుకుని నీళ్ళలో నిలబడి ఉన్నాడు, చేతిలో పొడుగు కర్రకి కట్టిన వల. అంత సన్నటి వల నేనెప్పుడూ చూడలేదు. నాన్న నాకు చెప్పకుండానే అటు నడిచారు. నేను చేరేసరికి ఇద్దరూ బకెట్లోకి వంగి చూస్తున్నారు. బకెట్లో అగ్గిపుల్లంత పొడుగున్న చేప పిల్లలు, గాజులా పారదర్శకం, కళ్ళు మాత్రం నల్ల చుక్కలు.

"చీరమేను రా!" అన్నారు నాన్న. గొంతు మారిపోయింది.

కోనసీమ బయటివాళ్ళకి చెప్పాలేమో. దసరా, దీపావళి రోజుల్లో గోదారి సముద్రంలో కలిసే చోట, యానాం, భైరవపాలెం వైపు, చిన్న చిన్న చేపలు గుంపులుగా వస్తాయి. ఏ వలకీ ఆగవు కాబట్టి చీరలతో పడతారు, అందుకే ఆ పేరు. కిలోల్లెక్కన కాదు, గ్లాసు, తవ్వ, సేరు కొలతల్లో అమ్ముతారు. ఇక్కడ దీన్ని వైట్‌బెయిట్ అంటారు. ఇనంగా అనే చేపతో కలిపి అయిదు రకాల చేపల పిల్లలు. ఇక్కడి శరదృతువులో, అంటే మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో, పెద్ద పోటు నీళ్ళు ఎక్కిన ఒడ్డుగడ్డిలో ఇనంగా గుడ్లు పెడుతుంది, తర్వాతి పెద్ద పోటుకి పిల్లలు సముద్రంలోకి పోతాయి, ఆరు నెలలకి మళ్ళీ నదిలోకి ఎక్కుతాయి. ఆ ఎక్కేటప్పుడు పడతారు. సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 30 వరకే సీజను, వల వదిలేసి పది మీటర్లు దాటి వెళ్ళకూడదు. అయిదింటిలో నాలుగు రకాలు తగ్గిపోతున్నాయి, అందుకే ఇన్ని నిబంధనలు. కిలో వంద డాలర్లు దాటడం మామూలే.

ముసలాయనకి తెలుగు రాదు, నాన్నకి ఇంగ్లీషు చేపల వరకే వచ్చు. నేను మధ్యలో తర్జుమా చేశాను కానీ నిజానికి నా అవసరం పెద్దగా పడలేదు. ఈ వారం చేప సరిగా ఎక్కట్లేదు, నీళ్ళలో ఊపు లేదు అన్నాడాయన. నాన్న ఆకాశం చూసి, "అష్టమి కదండీ, పోటు ఉండదు" అన్నారు. అది తర్జుమా చెయ్యడానికి నాకు కాసేపు పట్టింది. చీరలతో పడతారని చెప్పించారు, ఫోన్‌లో ఫొటో చూపించారు. ఆయన తలూపి తన వల అంచు చేత్తో పట్టి చూపించాడు, ముడి ఎలా వేశాడో. అరగంట అదే సంభాషణ. చీకటి పడుతుంటే ఒక కప్పు నిండా చేప పోసి ఇచ్చాడు, డబ్బులిస్తానంటే తీసుకోలేదు.

ఇక్కడివాళ్ళు దాన్ని గుడ్డు సొనలో కలిపి పెనం మీద వేసి, తెల్ల బ్రెడ్డు మధ్య పెట్టుకుని తింటారు. అమ్మ గుడ్డు ఒప్పుకుంది, బ్రెడ్డు ఒప్పుకోలేదు. పచ్చిమిర్చి, కొత్తిమీర, కాస్త అల్లం వేసి గారెల్లా చేసింది. నాలుగు వేడివి పళ్ళెంలో పెట్టి మూత పెట్టి నాన్న టార్చి వేసుకుని మళ్ళీ ఒడ్డుకెళ్ళి ఆయనకిచ్చి వచ్చారు. నచ్చిందా అని అడిగితే, "కారం అన్నాడు. తిన్నాడు" అన్నారు.

మర్నాడు రోడ్డు అయిపోయే జాక్సన్ బేకి వెళ్ళాం. 1875లో ప్రభుత్వం ఇటలీ నుంచీ పోలండ్ నుంచీ ఇంకా ఎక్కడెక్కడి నుంచో జనాన్ని తెచ్చి ఇక్కడ ఊరు పెట్టించింది. వాన, అడవి, సరుకు దించుకోడానికి రేవు లేదు, కొన్నేళ్ళకే దాదాపు అందరూ వెళ్ళిపోయారు. రేవు 1938లో గానీ కట్టలేదు. "రేవు కట్టకుండా ఊరు పెట్టినవాడెవడు" అని నాన్న రేవు మీద నిలబడి నిజంగానే కోప్పడ్డారు. ఇదొక్కటే ఈ తీరంలో అల లేని నీళ్ళు, ఉత్తరానికి తిరిగిన చిన్న మూల. నాలుగు పడవలు కట్టి ఉన్నాయి. పడవలు చూసి ఆయనకి ప్రాణం లేచొచ్చింది, మేం ఫిష్ అండ్ చిప్స్ తినేదాకా అక్కడే తాళ్ళు చూస్తూ ఉన్నారు.

తర్వాత హాస్ట్ పాస్ ఎక్కి వానాకా, క్వీన్స్‌టౌన్. అందమైన ఊళ్ళే, అందరూ రాస్తారు. బండి అప్పజెప్పేటప్పుడు డీజిల్ రోడ్డు పన్ను అని కిలోమీటర్ల లెక్కన ఇంకో బిల్లు వేశారు, అది ముందే అడిగి తెలుసుకోండి. అమ్మ పొయ్యి తుడిచి, సింకు తుడిచి, బొట్టు డబ్బా తీసుకుని దిగింది.

నాన్న ఇప్పుడు రోజూ పొద్దున్నే యానాంలో మా మావయ్యకి ఫోన్ చేస్తున్నారు. చీరమేను దిగిందా, సేరు ఎంత చెప్తున్నారు అని. ఇవాళ ఇంకో ప్రశ్న కూడా అడిగారు, అక్కడ వల వదిలేసి ఎంత దూరం పోతారు అని. మావయ్యకి అర్థం కాలేదు.